శిశువుల తొలి మాసముల సాక్ష్యము

మన తెలుగిండ్లలో పసిబిడ్డల యెదుగుదలకు ఒక వింత పంచాంగము కలదు. అది తాళపత్రములలో లేదు, వంటయింటిలో నున్నది. బిడ్డ నవ్విన నువ్వుండలు, బోర్లపడిన బొబ్బట్లు, కూర్చున్న కుడుములు, ప్రాకిన పాయసము, గడప దాటిన గారెలు, అడుగులు వేసిన అరిసెలు, పలుకులు వచ్చిన పంచదార చిలుకలు. అక్షరముల పొందికకొఱకు కల్పించిన మాటలని వీనిని త్రోసివేయరాదు. శిశువుయొక్క శరీరవృద్ధి యేయే మెట్లమీదుగా సాగునో మన అవ్వలు చక్కగా గమనించి యుండనిదే యీ వాడుక పుట్టియుండదు. ఇందు మఱియొక విశేషము గలదు. ఈ పంచాంగములో తిథులు లేవు. బోర్లపడిన నాడు బొబ్బట్లు చేయుదురుగాని, ఫలానా దినమున బోర్లపడవలెనని ఎవ్వరును విధింపలేదు. అవ్వలకుండిన యీ వివేకమును చదువుకొన్న మనము పోగొట్టుకొంటిమేమో యని మాకు సందేహము కలుగుచున్నది.

ఏలయనగా, నేడు జరుగుచున్నది వేఱు. హైదరాబాదుననో డల్లాసు నగరముననో యున్న ఆడపడుచు తన బిడ్డ బోర్లపడిన దృశ్యమును చేతిఫోనులో పంపును. అదే నెలలో పుట్టిన కోడలి బిడ్డ యిచ్చట ఇంకను వెల్లకిలనే యుండును. అత్తగారు ఒక్క మాటయు అనరు. కాని ఆ దృశ్యమును రెండుమాఱులు చూతురు. అంతమాత్రముననే ఆ బాలెంతరాలికి రాత్రి నిద్రపట్టదు. ఇది తొందరవలన కలుగు కీడు. దీనికి ఎదుటివైపున ఉపేక్ష యనునది యున్నది. "వాని తండ్రియు మూడవయేటగాని మాటలాడలేదు" అను ఒక్క వాక్యముతో, నిజముగా పరీక్షింపదగిన బిడ్డను ఏండ్లతరబడి యింటనే యుంచుట రెండవ కీడు. ఈ రెండు తప్పులకును మూలమొక్కటియే: సగటు దినమేదో, తుదిగడువేదో వేఱుపఱచి యెఱుగకపోవుట.

ప్రపంచారోగ్యసంస్థవారు 1997 మొదలు 2003 వఱకు ఆఱు దేశములలో శిశువుల పెరుగుదలను శోధించిరి. అందు మన దేశము, ఘానా, నార్వే, ఓమను, అమెరికా అను అయిదు దేశములలో 816 మంది బిడ్డల అవయవనైపుణ్యమును ప్రత్యేకముగా పరిశీలించి, ఫలితములను 2006వ సంవత్సరమున ప్రకటించిరి. మన దేశమునుండి దక్షిణ ఢిల్లీయందలి బిడ్డలు చేరిరి. ఆధారము లేక కూర్చుండుటకు వారు కనుగొనిన అవధి 3.8 మాసములనుండి 9.2 మాసముల వఱకు. చేతులపైనను మోకాళ్లపైనను ప్రాకుటకు 5.2 నుండి 13.5 మాసములు. ఒంటరిగా నడచుటకు 8.2 నుండి 17.6 మాసములు. నూటికి తొంబదియెనమండుగురు ఈ యవధులలోపలనే ఆయా పనులు నేర్చుకొనిరి. నూటికి నలుగురికి పైగా బిడ్డలు మోకాళ్లపై ప్రాకనే లేదు, ప్రాకకయే నడచిరి. అట్టి యిండ్లలో పాయసము తప్పినదేమో గాని బిడ్డకు లోపమేమియు రాలేదు.

న్యాయవాదవృత్తిలో నున్న మాకు ఇచ్చట ఒక పోలిక తోచుచున్నది. దావా దాఖలు చేయుటకు చట్టము ఒక దినమును నిర్ణయింపదు. ఒక కాలపరిమితిని నిర్ణయించును. ఆ పరిమితిలోపల మొదటిదినమున వేసిన దావాకును కడపటిదినమున వేసినదానికిని తారతమ్యము లేదు. నాలుగవ మాసమున కూర్చున్న బిడ్డ తొమ్మిదవ మాసమున కూర్చున్నవానికంటె బుద్ధిమంతుడగునని తలంచుట, ముందుగా దాఖలైన దావా ముందుగా గెలుచునని తలంచుటవంటిది. అయితే పరిమితి దాటినపుడు ఊరకుండరాదు. గడువు దాటుటయే వ్యాధి యని మేము చెప్పుటలేదు. పరీక్షింపవలసిన వేళ వచ్చినదని మాత్రమే చెప్పుచున్నాము.

ఇక తొలిమాసమును గూర్చి. అప్పుడే పుట్టిన శిశువు చూడలేదనియు వినలేదనియు మన పెద్దలలో కొందఱు నమ్ముదురు. అది సరికాదు. ఇరువదిమొదలు ముప్పది సెంటీమీటర్ల దూరమునందలి వస్తువును శిశువు చూడగలదు. పాలిచ్చునపుడు తల్లిముఖము ఉండు దూరము సరిగా అదియే. వినికిడి గర్భమునందే ఆరంభమగును. 1980వ సంవత్సరమున అమెరికాయందు డికాస్పరు, ఫైఫరు అను పండితులు నవజాతశిశువులు తల్లికంఠమును గుర్తింతురని ఋజువుచేసిరి. నోటియందుంచిన రబ్బరు పాలపీకను ఒక తీరున చప్పరించినచో తల్లిమాటయు, మఱియొక తీరున చప్పరించినచో పరస్త్రీమాటయు వినబడునట్లు ఏర్పాటు చేయగా, శిశువులు తల్లిమాట వినుటకై తమ చప్పరింపును మార్చుకొనిరి. పుట్టి మూడు దినములు నిండకమునుపే యీ వివేచన!

ఉలికిపాటును గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. తల కొంచెము వెనుకకు జాఱినను, ఆకస్మికధ్వని కలిగినను, పసిబిడ్డ చేతులు రెండును చాచి మరల దగ్గఱకు తీసికొని యేడ్చును. జర్మనుదేశపు వైద్యుడు ఎర్నెస్టు మోరో దీనిని 1918వ సంవత్సరమున వర్ణించెను. ఇది నాడీమండలము సరిగా నున్నదనుటకు గుఱుతు. మన యిండ్లలో దీనిని బాలగ్రహమని భ్రమించి తాయెత్తు కట్టుదురు. నాలుగు మొదలు ఆఱు మాసములలోపల ఉలికిపాటు తనంతట తానే పోవును. కీర్తి తాయెత్తునకు దక్కును. ప్రతివాది హాజరుకాకయే వాదికి తీర్పు వచ్చినట్లు! ఇట్టిదే మఱియొకటి: పుట్టిన బిడ్డను నిలువుగా పట్టుకొని పాదములు నేలకు తాకించిన అడుగులు వేసినట్లు కాళ్లు కదల్చును, రెండుమాసముల పిమ్మట మానివేయును. బిడ్డ వెనుకబడినాడని కొందఱు భయపడుదురు. ఎస్తరు థెలెను అను విదుషీమణి 1984వ సంవత్సరమున అట్టి బిడ్డలను వెచ్చని నీటిలో నడుమువఱకు నిలుపగా ఆ యడుగులు మరల కనబడినవి. కాళ్లు బలిసి బరువెక్కుటచేత కదలిక అణగెనుగాని, పోలేదన్నమాట.

నవ్వు విషయమున ఛార్లెసు డార్విను మనకు మార్గదర్శి. ఆయన తన ప్రథమపుత్రుడు 1839వ సంవత్సరము డిసెంబరునెలలో జన్మించినది మొదలుకొని దినచర్య వ్రాసి, ముప్పదియేడేండ్ల పిమ్మట, 1877లో, దానిని ప్రకటించెను. ఒక బిడ్డ 45వ దినమునను, మఱియొక బిడ్డ 46వ దినమునను నిజమైన నవ్వు నవ్విరని అందున్నది. అంతకుముందు నిద్రలో పెదవులు కదలుట నవ్వుగా లెక్కింపరాదని ఆయన వేఱుచేసి చెప్పుట గమనింపదగినది. నేటి వైద్యులును ఆఱు మొదలు ఎనిమిది వారముల నడుమ ఎదుటిమనుష్యుని చూచి నవ్వు నవ్వును ఎదురుచూతురు. మూడుమాసములు నిండినను మన ముఖమునకు ప్రతిగా నవ్వు రానిచో వైద్యునకు చూపవలెను. డార్వినువంటి మహాపండితుడు ఉయ్యెల ప్రక్కన కాగితము పట్టుకొని కూర్చుండుట చిన్నతనముగా భావింపలేదు. మన మగవారిలో ఎందఱు తమ బిడ్డ మొదట నవ్విన దినమును చెప్పగలరు?

తల నిలుపుట మూడు నాలుగు మాసములకు స్థిరపడును. చేతులు తెఱచుకొనుట, వస్తువునకై చేయి చాచుట, బోర్లపడుట, చేతులూని కూర్చుండుట అను నవి దాని వెనువెంట వచ్చును. బలము తలనుండి క్రిందికి దిగుచు వచ్చునని గుర్తుంచుకొనిన వరుస మఱవము. పరీక్షకు ప్రత్యేకముగా ఉపకరణములేవియు అక్కఱలేదు. అవ్వ కాళ్లు చాచుకొని బిడ్డను తన కాళ్లపై పరుండబెట్టి నూనె రాచి నీళ్లుపోయు వేళను మించిన పరీక్షాసమయము లేదు. ఏ కాలు బిఱుసుగా నున్నది, ఏ చేయి వ్రేలాడుచున్నది, మెడ యెంత నిలుచుచున్నది యను సంగతులు ఆమె అఱచేతులకు తెలియును. మెలకువగా నున్నపుడు కొంతసేపు బోర్లపరుండబెట్టి ప్రక్కన కూర్చుండుట మెడకు బలము. నిద్రయందు మాత్రము వెల్లకిలనే యుంచవలెను. నడకబండ్లు నడకను త్వరపఱుపవు; పైగా ప్రమాదకరములగుటచేత కెనడాదేశమువారు 2004లో వాని విక్రయమును నిషేధించిరి. త్వరగా మాటలు వచ్చునని వసకొమ్ము అఱగదీసి నాకించుట, పుట్టగానే తేనె నాకించుట అను రెండును మానవలసినవి. వసయందు విషగుణము గలదు. తేనె యొక యేడు నిండువఱకు కూడదు. ఆఱుమాసముల వఱకు తల్లిపాలు తప్ప నీరైనను అక్కఱలేదు.

ఇంతవఱకు చెప్పినది సులభము. కష్టమైనది ఇక చెప్పెదము. బిడ్డయందలి లోపము భయంకరరూపముతో వచ్చినచో ఏ తల్లిదండ్రులును ఆలస్యము చేయరు. అది తఱచుగా మెప్పుదలల మాటున దాగి వచ్చును. "ఎంత మంచి బిడ్డ! ఏడుపే లేదు, లేపినగాని లేవదు" అని మురిసికొనబడు బిడ్డలలో కొందఱికి మెడయందలి థైరాయిడు గ్రంథి పనిచేయకపోవుట కలదు. పుట్టిన రెండువారములలోపల మందు మొదలిడినచో బుద్ధివికాసమునకు భంగము రాకుండ కాపాడవచ్చును. మాసములు గడచిన కొలది పోయినది తిరిగి రాదు. మడమనుండి తీసిన రెండుమూడు నెత్తురుచుక్కలతో ఇది తేలును. ఇట్లే అయిదాఱు మాసముల బిడ్డ ఒక్క చేతితోనే అన్నియు అందుకొనుచుండ, "ఎడమచేతివాట మబ్బినది, గొప్పవాడగును" అందురు. ఏడాది నిండకమునుపు చేతివాటము స్థిరపడదు. ఒక చేయి మానినదనగా ఆ చేయియందో, దానిని నడపు మెదడునందో కొఱత యుండవచ్చును. మెల్లకన్ను అదృష్టమను మాట వినని తెలుగువారు లేరు. నాలుగు మాసములు దాటియు కన్ను మెల్లగానే యున్నచో మెదడు ఆ కంటిచూపును స్వీకరించుట మానుకొనును. కనుపాపలో తెలుపు కనబడినపుడు ఒక్క వారమైనను ఆగరాదు.

వినికిడి విషయమున మేము చెప్పునది గ్రంథములనుండి గ్రహించినది కాదు. మా మేనకోడలు తన అయిదవనెల కూతుతో మా యింటికి వచ్చి యుండెను. ఒక సాయంకాలము ఆమె మాతో, "మామయ్యా, నేను ఎదుట నిలిచినపుడే యిది నవ్వుచున్నది; వెనుకనుండి పిలిచిన తిరుగుట లేదు" అనెను. బిడ్డ చూపులకు చక్కగా నుండెను. ఊ, ఊ యని ఊసులాడుచుండెను. మేము బిడ్డ వెనుకకు పోయి గట్టిగా చప్పట్లు చఱచితిమి. బిడ్డ తల త్రిప్పెను. "చూచితివా! మొదటి బిడ్డకు తల్లులందఱును ఇట్లే భయపడుదురు" అని మేము తీర్పు చెప్పితిమి. ఆమె మరల ఆ మాట యెత్తలేదు.

ఆ బిడ్డకు రెండున్నరయేండ్లు నిండిన పిమ్మటగాని పరీక్ష జరుగలేదు. పుట్టుకతోనే రెండుచెవులకును వినికిడి మిక్కిలి తక్కువయని తేలినది. ఆ సాయంకాలమును మేము తరువాత పలుమాఱులు జ్ఞప్తికి తెచ్చుకొంటిమి. దీపము మా వెనుక నుండెను. మేము చేతులెత్తగా మా నీడ బిడ్డ యెదుటిగోడపై పడెను. బిడ్డ తిరిగినది నీడకుగాని చప్పుడునకు గాదు. కంచము క్రిందపడవేసి చూచు ఇండ్లలోను ఇదే మోసము జరుగును. నేల యదరుట బిడ్డకు తెలియును. ఊసులనుబట్టియు మోసపోవుదుము. వినికిడి లేని బిడ్డయు తొలిమాసములలో ఊసులాడును. బబ, దద యని అక్షరములు కూర్చి పలుకవలసిన వేళకు, అనగా ఆఱవ మాసము దాటిన పిమ్మట, ఆ గొంతు వెనుకబడును. అప్పటికి ఇంటిల్లిపాదియు, "ఊసులాడినది గదా, మాటలు అవే వచ్చును" అని నమ్మి యుందురు.

వైద్యులు దీనికి విధించుకొన్న గడువు సులభముగా గుర్తుండునది: ఒక మాసములోపల పరీక్ష, మూడు మాసములలోపల నిర్ధారణము, ఆఱు మాసములలోపల సాధనముగాని చికిత్సగాని. పరీక్షలో నొప్పి లేదు. నిద్రించు బిడ్డ చెవియందు చిన్న గొట్టమునుంచి మెల్లని ధ్వనులు పంపుదురు. ఆరోగ్యముగా నున్న లోచెవి ఆ ధ్వనులకు తనంతట తాను ఒక ప్రతిధ్వని నిచ్చును. దానిని యంత్రము గ్రహించును. కొన్ని నిమిషముల పని. ఆఱు మాసముల గడువున కెంత విలువ గలదో అమెరికాయందలి కొలరాడోలో క్రిస్టీను యోషినాగ ఇటానో అను పరిశోధకురాలు తన సహచరులతో 1998లో చూపెను. ఆఱు మాసములలోపల వినికిడిలోపము కనుగొనబడిన బిడ్డలు, తరువాత కనుగొనబడినవారికంటె భాషయందు స్పష్టముగా ముందుండిరి. లోపము అల్పమైనను అధికమైనను ఈ భేదము నిలిచినది.

నెల తక్కువగా పుట్టిన బిడ్డల తల్లులకు ఒక ఊరట. రెండుమాసములు ముందుగా పుట్టిన బిడ్డకు ఆఱు మాసములు నిండినపుడు, వాడు నాలుగుమాసముల బిడ్డ చేయు పనులు చేసిన చాలును. రెండేండ్లు నిండువఱకు ఇట్లే తగ్గించి లెక్కింతురు. జాతకమునకు పుట్టినగడియ ప్రమాణమగుగాక. మెడ నిలుచుటకు గర్భమున గడపిన కాలముకూడ ప్రమాణము. ఏ బిడ్డయైనను, ఏ వయస్సుననైనను, వచ్చిన విద్యను పోగొట్టుకొనినచో మాత్రము, నవ్వినవాడు నవ్వు మానినను, పట్టినవాడు పట్టు విడిచినను, గడువులను లెక్కింపక వెంటనే వైద్యునియొద్దకు పోవలెను.

పోవలసిన చోటును గూర్చి పెద్దింటివారిలో ఒక చిన్నచూపు గలదు. 2013వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమను పేర బిడ్డల లోపములను ముందుగా కనుగొనుటకు ఏర్పాటు చేసినది. దానిక్రింద జిల్లాలలో సత్వర చికిత్సా కేంద్రములు వెలసినవి. ఆశా కార్యకర్త బాలెంత యింటికి తొలి నలువదిరెండు దినములలో పలుమాఱులు వచ్చి బిడ్డను చూచును. ఆమె వచ్చినపుడు వీధియరుగుమీదనుండియే, "మాకు మా డాక్టరుగా రున్నారు" అని పంపివేయువారిని మే మెఱుగుదుము. ఆ డాక్టరుగారు జలుబునకు మందిచ్చి పంపుదురు. బిడ్డ పేరు పిలిచిన తిరుగుచున్నదా యని అడుగుటకు వారికి తీఱిక యుండదు, మన మడుగము.

సాక్షులను ప్రశ్నించుటయే వృత్తిగా గలవారము మేము. ప్రత్యక్షముగా చూచినవాని మాటకును, విన్నదానిని చెప్పువాని మాటకును గల భేదము మాకు తెలియును. బిడ్డ విషయమున ప్రత్యక్షసాక్షి తల్లి. పగలును రాత్రియు చూచునది ఆమె. అట్టి సాక్షి నోరు తెఱచినపుడు, "నీకు తెలియదు, మేము నలుగురిని పెంచితిమి" అని అత్తగారును, "భయపడకుము" అని మావంటివారును వాఙ్మూలమును నమోదుచేయకయే కొట్టివేయుదుము. ఆడబిడ్డ యగునేని ఈ కొట్టివేత మఱింత సులభము.

ఆ బిడ్డకు ఇప్పుడు ఎనిమిదేండ్లు. చెవియందు యంత్రముతో బడికి పోవుచున్నది. లెక్కలలో చుఱుకు. మాటలు వచ్చినవి, కాని క్రొత్తవారికి సగము అర్థము కావు, అందువలన క్రొత్తవారి యెదుట మాటలాడదు. గడచిన సంక్రాంతికి మా మేనకోడలి యింట పాత పంచాంగముల కట్టను దులుపుచుండగా, తల్లిబిడ్డల సంరక్షణకై ప్రభుత్వమువారిచ్చు కార్డు అందునుండి జాఱిపడినది. ఏ నెలకు బిడ్డ యేమి చేయవలెనో దానిలో బొమ్మలతో నుండును. శబ్దము వచ్చిన దిక్కునకు తల త్రిప్పు బిడ్డ బొమ్మ ప్రక్కన పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకచిహ్నము వేసి, తేది వ్రాసియున్నది. ఆమె మా యింటికి వచ్చుటకు పదునొకండు దినముల ముందటి తేది అది.